అసెంబ్లీలో చెప్పు చూపించిన ఎమ్మెల్యే.. ఎవరీ ఈశ్వరీబాయి? చిలకలగూడ టీచరమ్మ కథ ఇదీ

1968. హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ. కృష్ణా జిల్లాలో ఓ దళిత యువకుడిని సజీవ దహనం చేసిన ఘటనపై రాష్ట్రమంతా అట్టుడికిపోతున్న రోజులవి. దళితులను కించపరుస్తూ ఓ మంత్రి అన్న మాటలు మంటకు ఆజ్యం పోశాయి. ప్రతిపక్షం బెంచీల్లోంచి ఓ మహిళా సభ్యురాలు లేచారు. కాలి చెప్పు తీశారు. సభలో కూర్చున్న వాళ్లందరికీ కనిపించేలా పైకెత్తి చూపించారు.

ఇప్పుడైతే ఆ క్లిప్ పది నిమిషాల్లో ప్రతి ఫోన్‌లోకీ వచ్చేసేది. రీల్స్, థంబ్‌నెయిల్స్, రాత్రికి అన్ని ఛానళ్లలో డిబేట్లు. అప్పుడు సభలో కెమెరాల్లేవు. అసలు హైదరాబాద్‌కు టీవీయే రాలేదు. అయినా యాభై ఏళ్లు దాటిపోయినా ఆ చెప్పు ముచ్చట జనం నోళ్లలో బతికే ఉంది. చిక్కు ఏంటంటే, ఆమె గురించి చాలామందికి తెలిసింది ఆ ఒక్క ముచ్చటే. ఆ చెయ్యి పైకి లేవడానికి వెనక ముప్పై ఏళ్ల కథ ఉంది. ఆ తర్వాత కూడా కథ ఉంది.

ఆమె పేరు జెట్టి ఈశ్వరీబాయి. మన సికింద్రాబాద్ ఆడబిడ్డ.

పట్టాల పక్కన పుట్టిన అమ్మాయి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉంటుంది చిలకలగూడ. 1918 డిసెంబర్ 1న అక్కడే ఈశ్వరీబాయి పుట్టారు. తల్లి రాములమ్మ, తండ్రి బల్లెపు బలరామస్వామి. మాల కుటుంబం. తండ్రికి నిజాం రైల్వేలో ఉద్యోగం.

వందేళ్ల కిందట ఓ దళిత ఆడపిల్ల బడికి వెళ్లడమా? ఊళ్లలో అయితే ఆ ఊహే ఉండేది కాదు. కానీ సికింద్రాబాద్ లెక్క కాస్త వేరు. ఇది బ్రిటిష్ కంటోన్మెంట్. మిషనరీ బడులున్నాయి. రైల్వే ఉంది, నెల జీతం ఉంది. జీతం వచ్చే ఇంట్లో భూస్వామి దయ అక్కర్లేదు. అన్నింటికీ మించి, జంట నగరాల్లో అప్పటికే ఆది హిందూ ఉద్యమం నడుస్తోంది. భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం బడులు పెట్టిస్తున్నారు. అరిగె రామస్వామి లాంటి వాళ్లు బాల్య వివాహాలకు, జోగిని ఆచారానికి వ్యతిరేకంగా బస్తీ బస్తీ తిరుగుతున్నారు. ఈశ్వరీబాయి కళ్లు తెరిచింది ఆ గాలిలోనే.

ఎస్‌పీజీ మిషన్ స్కూల్‌లో చదువు మొదలైంది. తర్వాత కీస్ బాలికల హైస్కూల్. తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లిష్ వచ్చేశాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఇంకొకటి.. సికింద్రాబాద్‌లో పెరిగిన వాళ్లకు ఇది పెద్ద వింతేం కాదు. కానీ రేపు రాజకీయాల్లోకి వచ్చాక ఇదే ఆమెకు ఆస్తి అయింది.

అయితే బాల్య వివాహాలు వద్దని ఉద్యమం నడుస్తున్న చోటే, పదమూడేళ్లకే ఆమెకు పెళ్లి చేసేశారు. పెళ్లికొడుకు పుణేకు చెందిన దంత వైద్యుడు జెట్టి లక్ష్మీనారాయణ. గీత అనే కూతురు పుట్టింది. కానీ అత్తింట్లో ఆమె జీవితం ఎక్కువ కాలం సాగలేదు. చిలకలగూడకే తిరిగొచ్చేశారు.

ఆ రోజుల్లో పుట్టింటికి తిరిగొచ్చిన ఆడపిల్ల అంటే ఓ మూలన కూర్చోవాల్సిందే. ఈమె కూర్చోలేదు. పరోపకారిణి స్కూల్‌లో టీచర్‌గా చేరారు. తన జీతం, తన సంపాదన, తన బిడ్డ. తర్వాత చిలకలగూడలో కూతురి పేరు మీద గీతా విద్యాలయం అని సొంతంగా బడి కూడా పెట్టారు. పేద ఆడవాళ్లకు కుట్టుపని లాంటివి నేర్పించడం ఆమె పెట్టుకున్న మరో పని. చేతిలో నాలుగు రూపాయలు లేకపోతే ఆడదాని మాట ఇంట్లోనే చెల్లదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఓటు వచ్చింది.. ఆమె బయటికి వచ్చారు

1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాతే ఇక్కడి మామూలు జనానికి, అంటే కూలీకి, రిక్షా తొక్కేవాడికి, పాకీ పని చేసే ఆమెకు కూడా ఓటు వచ్చింది. ఇవాళ పోలింగ్ రోజును సెలవులా చూసే మనకు ఆ మార్పు ఎంత పెద్దదో అర్థం కావడం కష్టం.

1950ల మొదట్లో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. అప్పట్లో సికింద్రాబాద్‌కు విడిగా సొంత మున్సిపల్ కార్పొరేషన్ ఉండేది. 1960లో గానీ హైదరాబాద్‌లో కలవలేదు. చిలకలగూడ నుంచి ఈశ్వరీబాయి నామినేషన్ వేశారు. ఏ పార్టీ టికెట్టూ లేదు. ఇండిపెండెంట్. వెనక డబ్బున్న కుటుంబం లేదు, భర్త అండ లేదు, పెద్ద కులం కాదు. గెలిచేశారు.

కార్పొరేటర్ దగ్గరికి జనం ఏం పట్టుకుని వస్తారో మీకు తెలిసిందే. నల్లా నీళ్లు, మురుగు కాలువ, వీధి దీపం, గుడిసెల పట్టాలు. ప్రజాస్వామ్యం అంటే పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటలుంటాయి గానీ, బస్తీలో అది నల్లా దగ్గరే మొదలవుతుంది. ఎవరు ముందు బిందె పెట్టాలి, ఎవరు దూరంగా నిలబడాలి అన్న గొడవ దగ్గర. ఈశ్వరీబాయి రాజకీయం నేర్చుకున్నది అక్కడ.

కాంగ్రెస్‌లోకి ఎందుకు వెళ్లలేదు?

ఇది అసలు పాయింట్. ఇక్కడ కాస్త ఆగాలి.

అప్పట్లో గెలవాలంటే దారి ఒక్కటే, కాంగ్రెస్. దళిత నాయకుల్లో చాలామంది అటే వెళ్లారు. ఈశ్వరీబాయి మాత్రం అంబేద్కర్ పార్టీలో చేరారు. మొదట షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్. 1956 డిసెంబర్ 6న అంబేద్కర్ చనిపోయారు. మరుసటి ఏడాదే ఫెడరేషన్ స్థానంలో రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా వచ్చింది. రాష్ట్రంలో ఆ పార్టీకి ఆమె ప్రధాన కార్యదర్శి అయ్యారు, ఆ తర్వాత అధ్యక్షురాలు కూడా అయ్యారు.

ఇందులో ఓ తిరకాసు ఉంది. 1932 పూనా ఒప్పందం తర్వాత వచ్చిన రిజర్వుడు సీట్ల పద్ధతిలో అభ్యర్థి దళితుడే అయి ఉండాలి, కానీ ఓటు మాత్రం నియోజకవర్గంలో అందరూ వేస్తారు. అంటే గెలవాలంటే ఊళ్లో పెద్ద కులాల ఓట్లు కావాలి, పెద్ద పార్టీ టికెట్ కావాలి. టికెట్ ఇచ్చిన వాళ్లకు కోపం తెప్పించే మాట సభలో ఎలా మాట్లాడతారు? అంబేద్కర్ ఈ భయాన్ని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. సీటు మనది, నోరు మనది కాదు అన్న పరిస్థితి. పెద్ద పార్టీ నీడలోకి వెళ్లకపోవడం వల్ల ఈశ్వరీబాయికి మంత్రి పదవి రాలేదు, నోరు మాత్రం మిగిలింది. ఈ లెక్క పట్టుకోకపోతే 1968లో ఆ చెప్పు ఎలా పైకి లేచిందో అర్థం కాదు.

ఇద్దరు సికింద్రాబాద్ ఆడబిడ్డల పోటీ

1967 అసెంబ్లీ ఎన్నికలు. సికింద్రాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎల్లారెడ్డి నుంచి ఆమె పోటీకి దిగారు. అప్పుడది నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. ఎదురుగా ఎవరో తెలుసా? సిట్టింగ్ ఎమ్మెల్యే, అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా చేసిన టీఎన్ సదాలక్ష్మి. కాంగ్రెస్‌లో పెద్ద పేరు. ఆమె కూడా సికింద్రాబాద్ ప్రాంతం నుంచే వచ్చారు. ఆమె కూడా దళిత మహిళే.

ఈశ్వరీబాయి గెలిచారు.

సదాలక్ష్మిది మరో పెద్ద కథ. ఓడిన మనిషి అని పక్కన పెట్టేసేంత చిన్న జీవితం కాదు. ఆమె గురించి విడిగా రాయాలి. ఇక్కడ గమ్మత్తు ఏంటంటే, మరో రెండేళ్లకే ఈ ఇద్దరూ ఒకే ఉద్యమంలో, ఒకే నినాదంతో రోడ్డు మీదకు వచ్చారు. అది తర్వాత చూద్దాం.

కంచికచర్ల

1968 ఫిబ్రవరి. కృష్ణా జిల్లా కంచికచర్ల. కోటేశు అనే దళిత కుర్రాడు పాలేరుగా పని చేస్తున్నాడు. ఇత్తడి పాత్రలు దొంగిలించాడని నింద వేశారు. పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లలేదు, పంచాయితీ లేదు. స్తంభానికి కట్టేసి కిరోసిన్ పోసి నిప్పంటించారు. నలుగురూ చూస్తుండగానే.

ఆ నింద నిజమా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. దొంగతనానికి చట్టంలో శిక్ష ఉంది. ఆ శిక్ష వేసే అధికారం కోర్టుకే ఉంది. మరి ఆ ఊళ్లో ఆ రోజు కోర్టు ఎవరు? రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. చంపిన వాళ్ల లెక్కలో రాజ్యాంగం ఇంకా ఆ ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు.

అప్పట్లో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం లేదు. ఉన్నది 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం. గుడిలోకి రానివ్వకపోతే, బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వకపోతే, హోటల్‌లో అడ్డుకుంటే చిన్న చిన్న శిక్షలు. కులం పేరుతో జరిగే దాడిని, హత్యను విడిగా గుర్తించే చట్టమే లేదు. మానవ హక్కుల కమిషన్ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ వచ్చిందే 1993లో. ఎక్కడికి వెళ్లి అడగాలి? అసెంబ్లీ ఒక్కటే మిగిలింది. అక్కడ అడగాల్సిన మనిషి అడగడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇలాంటి సమయంలో ప్రభుత్వంలో ఉన్న మంత్రే దళితులను చులకన చేస్తూ మాట్లాడటంతో వ్యవహారం కోటేశు హత్యను దాటిపోయింది. చంపిన వాళ్లు ఓ ఊరి వాళ్లు, కానీ మంత్రి మాట అంటే ప్రభుత్వం మాట. ఈశ్వరీబాయి చెప్పు చూపించింది దానికి. అది సభా మర్యాదేనా అని అడిగే వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. నిజమే, సభలో చెప్పు చూపించడం మర్యాద కాదు. చెప్పులేసుకుని దొర ఇంటి ముందు నుంచి నడవకూడదన్న ఆంక్ష ఉన్న కులాల నుంచి వచ్చిన మనిషి, అదే చెప్పును చట్టసభలో మంత్రికి చూపించారన్న సంగతి కూడా ఆ లెక్కలో కలపాలి.

సభలో ఆమె పార్టీకి బలం లేదు. ఓటింగ్ పెడితే ఓడిపోతారు. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డికి తిరుగులేని మెజారిటీ. అయినా ఆ రోజు మాటను రికార్డుల్లోంచి కాదు, జనం మనసులోంచి ఎవరూ తీసేయలేకపోయారు. కోటేశు పేరు కూడా ఆరిపోలేదు. కంచికచర్లలోనే పుట్టిన కవి కలేకూరి ప్రసాద్ తర్వాతి కాలంలో ఆ పేరును తన కవిత్వంలోకి తెచ్చుకున్నారు.

అదే ఏడాది డిసెంబర్ 25న తమిళనాడులోని కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన దళిత కుటుంబాలకు చెందిన 44 మందిని ఓ గుడిసెలో తగలబెట్టేశారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. ఈశ్వరీబాయి అసెంబ్లీలో గొంతు చించుకున్నది ఒక్క ఊరి గురించి కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

జై తెలంగాణ.. జైలు.. ఒంటరి సీటు

ఏడాది తిరక్కుండానే 1969 వచ్చేసింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిసినప్పుడు ఇచ్చిన హామీలు, ఉద్యోగాల్లో రక్షణలు అమలు కాలేదన్న కోపం విద్యార్థుల నుంచి మొదలై రాష్ట్రమంతా అంటుకుంది. కాల్పులు, అరెస్టులు. వందల మంది ప్రాణాలు పోయాయని ఉద్యమకారులు చెబుతారు. అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్‌లో ఉన్న అమరవీరుల స్తూపం వాళ్ల కోసమే.

ఈశ్వరీబాయి ఉద్యమంలోకి దూకారు. సదాలక్ష్మి కూడా. రెండేళ్ల కిందట ఎల్లారెడ్డిలో ఒకరి మీద ఒకరు ప్రచారం చేసుకున్న వాళ్లు ఇప్పుడు ఒకే వైపు. ఇద్దరూ జైలుకెళ్లారు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 సీట్లలో పది గెలిచేసింది. జనం తీర్పు అంత స్పష్టంగా ఉంది. కట్ చేస్తే, కొన్ని నెలలకే పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓట్లేసిన వాళ్లను ఎవరూ అడగలేదు.

ఈశ్వరీబాయి వెళ్లలేదు. 1972 అసెంబ్లీ ఎన్నికల్లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి తరఫున మళ్లీ ఎల్లారెడ్డిలోనే నిలబడ్డారు. మళ్లీ గెలిచారు. 287 మంది ఉన్న సభలో ఆ పార్టీ నుంచి గెలిచింది ఆమె ఒక్కరే. ప్రత్యేక రాష్ట్రం విషయంలో ఆమెతో ఏకీభవించని వాళ్లు ఉండొచ్చు, అప్పట్లో చాలామందే ఉన్నారు. కానీ పది మంది ఎంపీలు మాట మార్చిన చోట ఓ చిలకలగూడ టీచరమ్మ మార్చలేదన్నది మాత్రం కాదనలేని విషయం. చేరిపోయి ఉంటే ఏ కార్పొరేషన్ పదవో, మంత్రి పదవో వచ్చేదేమో. ఆమె ఎల్లారెడ్డి ఓటర్లకు ఇచ్చిన మాటతోనే ఉండిపోయారు.

ఆ సభ కాలంలోనే జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది, తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1978 తర్వాత ఆమె అసెంబ్లీలో లేరు.

కూతురు ఎమ్మెల్యే అయ్యే రోజు చూశారు

చిన్నప్పుడు చిలకలగూడ ఇంట్లో అమ్మ చేతుల్లో పెరిగిన గీత డాక్టర్ చదివారు. విదేశాల్లో పని చేసి తిరిగొచ్చారు. 1989లో గజ్వేల్ నుంచి పోటీ చేసి ఎమ్మెల్యే అయ్యారు. ఆమే జె. గీతారెడ్డి. తర్వాత చాలా ఏళ్లు మంత్రిగా ఉన్నారు. ఏ పార్టీ నుంచి? కాంగ్రెస్ నుంచి. అమ్మ జీవితమంతా ఎదురు నిలిచిన పార్టీ నుంచే. దీన్ని చూసి నవ్వుకునే వాళ్లున్నారు గానీ, తల్లి దారే కూతురూ నడవాలని రాసి పెట్టి లేదు. తన దారి తాను ఎంచుకున్న తల్లికి ఆ మాట చెప్పాల్సిన పనే లేదు.

అదే 1989లో కేంద్రం ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం తెచ్చింది. కోటేశు హత్య జరిగిన ఇరవై ఒక్క ఏళ్లకు. మధ్యలో 1985 జులైలో కారంచేడు జరిగింది. చట్టం ఊరికే రాలేదు. 

1991 ఫిబ్రవరి 24న ఈశ్వరీబాయి కన్నుమూశారు. ఆరు నెలలు కూడా గడవకముందే, ఆగస్టు 6న చుండూరులో దళితులను వెంటాడి నరికి చంపారు. కొత్త చట్టం కింద ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

విగ్రహం ఉంది, అవార్డు ఉంది

వెస్ట్ మారేడుపల్లిలో ఈశ్వరీబాయి విగ్రహం ఉంది. ఆమె పేరు మీద కుటుంబం నడిపే మెమోరియల్ ట్రస్ట్ ఉంది, సమాజం కోసం పని చేసిన వాళ్లకు అవార్డులు ఇస్తోంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం తరఫున కూడా జయంతి, వర్ధంతి సభలు జరిగాయి. బతికుండగా ఏ ప్రభుత్వంలోనూ కూర్చోని మనిషికి చనిపోయాక ఈ గౌరవాలు దక్కడం మంచిదే. సికింద్రాబాద్‌లో రోడ్లకు, స్కూళ్లకు ఇంగ్లిష్ దొరల పేర్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఆమె చదివిన కీస్ స్కూల్ కూడా ఓ బ్రిటిష్ రెసిడెంట్ పేరే. వాటి మధ్య చిలకలగూడ ఆడబిడ్డ పేరు కూడా ఉండాలి కదా.

కానీ సభల్లో మళ్లీ మళ్లీ చెప్పేది చెప్పు కథే. ధైర్యశాలి, ఫైర్‌బ్రాండ్, సింహం లాంటి మనిషి.. ఈ మాటలతో సరిపెట్టేస్తున్నారు. కోటేశు ఎవరో చెప్పకుండా చెప్పు కథ చెబితే అదో సినిమా సీన్‌లా మిగిలిపోతుంది. 1972లో ఆమె ఒక్కరే ఎందుకు మిగిలారో చెప్పకపోతే మొండిమనిషి అనుకుంటారు. ఎవరి దయా లేని సీటు కోసం ఆమె ఎంత వదులుకున్నారో దండలేసే వాళ్లలో కొందరైనా చెబితే బాగుంటుంది.

ఆమె మాట్లాడిన వీడియో కోసం యూట్యూబ్‌లో వెతికితే లాభం లేదు. అసెంబ్లీలో లైవ్ అనేదే లేని కాలమది. కానీ సభలో జరిగిన ప్రతి చర్చనూ అప్పట్లో మాట మాటా రాసి, ప్రొసీడింగ్స్ పేరుతో సంపుటాలుగా అచ్చు వేసేవారు. ఎవరు ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు, స్పీకర్ ఎప్పుడు కూర్చోమన్నారు.. అన్నీ ఉంటాయి. 1967 నుంచి మొదలుపెడితే సరి. సభ్యుల పేర్లలో ఎల్లారెడ్డి దగ్గర ఆగండి.